ఉద్యోగం మానే ముందు వేయాల్సిన లెక్క

సంపాదకులకు నమస్కారం.

రేణిగుంట పారిశ్రామిక ప్రాంతంలోని ఒక కర్మాగారంలో, జీతాల విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ప్రసూతి సెలవు ముగిసిన కొద్ది రోజులకే వచ్చే రాజీనామా పత్రాలు నాకు కొత్త కాదు. బిడ్డను చూసుకోవడానికి పీలేరు నుంచో పుత్తూరు నుంచో పెద్దావిడ వచ్చి ఉండగలిగితే సరే, లేకపోతే ఉద్యోగం మానేది దాదాపు ప్రతిసారీ తల్లే. ఆ నిర్ణయం తప్పని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు; బిడ్డకు ఏది మేలో ఆ తల్లిదండ్రులకే తెలుసు. కాని అంతకుముందు ఇళ్లలో వేసుకునే లెక్క సగమే ఉంటోందని, వేయని సగం భారమంతా ఆమె పేరు మీదే పడుతోందని మాత్రం చెప్పదలచుకున్నాను.

నెలకు 30,000 జీతం, అందులో మూలవేతనం 15,000 ఉన్న ఉద్యోగినిని తీసుకుందాం. పీఎఫ్ (భవిష్య నిధి)కు ఆమె వాటా 1,800, వృత్తి పన్ను 200 పోను ఆమె చేతికి 28,000 వస్తాయి. అందులోంచి ఆయాకు ఇంత, ఆటోకు ఇంత, అలసిపోయి బయట నుంచి తెప్పించుకునే టిఫిన్లకు ఇంత అని తీసివేసి, ‘ఈ మిగిలేదాని కోసమా ఇంత అవస్థ?’ అని తేల్చేస్తారు. బిడ్డ ఇద్దరికీ బిడ్డే అయినప్పుడు ఆయా జీతాన్ని తల్లి జీతంలోంచే ఎందుకు తీసివేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అన్నట్టు, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. ఆ బస్సుల్లో వెళ్లివచ్చేవారు కనీసం ఛార్జీల పద్దు కొట్టేయవచ్చు.

చేతికి రాని సొమ్ము సంగతి వేరు. ఆమె వాటాకు తోడు యజమాని కూడా నెలకు 1,800 కడతారు. అందులో 1,250 పింఛను పథకానికి పోగా, మిగిలినదీ ఆమె వాటా కలిసి పీఎఫ్ ఖాతాలో నెలకు 2,350 పడతాయి. ఐదేళ్లు మానేస్తే వడ్డీ లెక్కించకుండానే 1,41,000 ఖాతాలోకి రాకుండా పోయినట్టు. ఆ ఐదేళ్లు ఇరవై ఎనిమిది నుంచి ముప్పై మూడో ఏడు వరకు అనుకుంటే, 2024-25కు ఇచ్చిన 8.25 శాతం వడ్డీయే కొనసాగితే, ఆ సొమ్ము ఆమెకు 58 ఏళ్లు వచ్చేసరికి పది లక్షలు దాటి ఉండేది. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే సొమ్ముకు, ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. నాలుగేళ్లు దాటాక కొద్ది నెలలు ఓపిక పట్టలేక దాన్ని వదులుకున్నవారి చివరి లెక్కలు, అంటే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్లు నా చేతుల మీదుగానే వెళ్లాయి. ఇదే జీతానికి ఆ మొత్తం ఏడాది సర్వీసుకు సుమారు 8,650 రూపాయలు.

పింఛను విషయంలో జరిగే నష్టం ఇంకా బాధాకరం, ఎందుకంటే ఇది కేవలం తెలియకపోవడం వల్ల జరుగుతుంది. పైన చెప్పిన ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆరేళ్లో ఏడేళ్లో పనిచేసి మానేసినవారు ఫారం 10సీ అనే దరఖాస్తు పెట్టి ఆ పింఛను డబ్బు తీసేసుకుంటే ఆ సర్వీసు అక్కడితో చెరిగిపోతుంది. అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరితే పాత సర్వీసు భద్రంగా ఉండి, తర్వాత ఎక్కడ చేరినా దానికి కలుస్తుంది. పీఎఫ్ నిల్వను కూడా కదపకుండా ఉంచితే 58 ఏళ్ల వరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. బారసాల ఖర్చుకో, ఫ్రిజ్ కొనడానికో ముందుగా కనపడేది ఆ ఖాతాయే కావడం మన దురదృష్టం.

ఉద్యోగంతో పాటు గ్రూపు ఆరోగ్య బీమా, లేదా 21,000 లోపు జీతగాళ్లకు ఉండే ఈఎస్‌ఐ వైద్య సౌకర్యం కూడా పోతాయి. ఇద్దరి జీతాలూ చూసి బ్యాంకు ఇచ్చిన గృహరుణానికి వాయిదా మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. కనుక మానడానికి ముందు కుటుంబం పేరున విడిగా ఆరోగ్య పాలసీ తీసుకోవడం, ఒక్క జీతంతోనే కొన్ని నెలలు గడిపి చూడడం అవసరం.

ఇక ఆమె పేరున పొదుపు. భర్త ఇచ్చిన డబ్బును భార్య పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఆ వడ్డీ ఆదాయపు పన్ను లెక్కలో ఆయన ఆదాయానికే కలుస్తుంది. ఆమె పేరున పీపీఎఫ్ (ఉద్యోగం లేకపోయినా తెరవగల ప్రజా భవిష్య నిధి) ఖాతా తెరిస్తే, ఏటా 1,50,000 వరకు కట్టుకోవచ్చు, వడ్డీకి పన్నే లేదు కనుక ఆ చిక్కు రాదు. ఉద్యోగం ఉండగా ఆమె పీఎఫ్‌కు ఎంత పోయేదో అంతైనా ప్రతి నెలా అందులో వేయడం భర్త చేసే ఉపకారం కింద లెక్క కాదు, ఆమె చేస్తున్న పనికి రావలసిన బాకీ అది. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో మహిళలు రోజుకు 289 నిమిషాలు గడుపుతుంటే పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. గృహిణి శ్రమకు ఆదాయం లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2021 జనవరిలో చెప్పింది, అయితే అది రోడ్డు ప్రమాదంలో మరణించినప్పుడు ఇచ్చే పరిహారం కేసులో.

చివరగా అధికారులకు ఒక మాట. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లోనే చట్ట సవరణ వచ్చింది. వేలాది ఆడపిల్లలు షిఫ్టుల్లో పనిచేసే రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాల్లో అవి ఎన్ని సంస్థల్లో నిజంగా నడుస్తున్నాయో, ఎన్నింటిలో తాళం వేసిన గదిగా ఉన్నాయో కార్మిక శాఖ తనిఖీ చేసి జిల్లా ప్రజల ముందు పెట్టాలి. చిన్న సంస్థల్లో పనిచేసేవారి కోసం కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద ఉన్న పాల్నా పథకపు క్రెష్‌లను (శిశు సంరక్షణ కేంద్రాలను) ఇక్కడ షిఫ్టు వేళలకు తగినట్టు నడపాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. ఉదయం ఆరింటికి షిఫ్టు ఎక్కే తల్లికి తొమ్మిదింటికి తెరిచే కేంద్రం వల్ల ప్రయోజనం లేదు.

— ఒక పాఠకురాలు, తిరుపతి