10 వాట్లని అమ్మిన వాకీటాకీలో ఉన్నది 5 వాట్లే: కంపెనీకి ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: డ్యూయల్ బ్యాండ్ (రెండు ఫ్రీక్వెన్సీ శ్రేణుల్లో పనిచేసే) వాకీటాకీ ట్రాన్స్‌మిట్ పవర్‌పై తప్పుడు ప్రకటన, డబ్బు వాపసు, ప్రకటన సవరణ కోరుతూ.

అయ్యా,

మీ హ్యాండ్‌సెట్ డబ్బా మీద, మాన్యువల్‌లో, వెబ్‌సైట్‌లో మూడు చోట్లా హై పవర్ 10 వాట్లు, మీడియం 5, లో 1 అని రాశారు. కొన్న రెండు సెట్లలోనూ ఆ 10 వాట్లు లేవు. హై పెట్టినా 145 మెగాహెర్ట్జ్ దగ్గర 5.4 వాట్లు, 435 దగ్గర 4.3 వాట్లు మాత్రమే వస్తున్నాయి. రెండో సెట్ రీడింగులూ దాదాపు ఇవే. మీడియంలో 145 దగ్గర 5.1 వచ్చింది. అంటే మీ మెనూలో హైకీ మీడియంకీ పేరులో తప్ప తేడా లేదు.

కొలిచిన పద్ధతి ఇది. బ్యాటరీ నిండా చార్జ్ చేసి (8.4 వోల్టులు), యాంటెన్నా తీసేసి, దాని స్థానంలో 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పంపకుండా వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టాను. కాబట్టి "మీ యాంటెన్నా బాగాలేదేమో" అనే జవాబు ఇక్కడ పనికిరాదు. పవర్ మీటర్‌కు ముందు ఆయా బ్యాండ్‌కు తగిన లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉంచి, ఫిల్టర్, కేబుల్ నష్టాలను లెక్కలో కలిపాను. ఫిల్టర్ లేకపోతే హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర వచ్చే అనవసర సిగ్నళ్లు) కూడా పవర్‌లాగే మీటర్‌లో చేరి అంకె పెరుగుతుంది. 7, 8 వాట్లు చూపించే వీడియోలు చాలావరకు అలాంటివే, వాటిని రుజువుగా పంపకండి. మీటర్‌లో 10 శాతం తప్పుందనుకున్నా 5.4 కాస్తా 5.9 అవుతుంది, 10 కాదు.

మీటర్‌నే నమ్మకపోతే బ్యాటరీ కరెంటు చూడండి. 145 దగ్గర హైలో పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కితే సెట్ 7.6 వోల్టుల వద్ద 1.45 ఆంపియర్లు తీసుకుంటోంది. అంటే లోపలికి వెళ్లేదే 11 వాట్లు. అందులోంచి 10 వాట్లు బయటికి రావాలంటే ఫైనల్ ట్రాన్సిస్టర్ (యాంటెన్నాకు పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్) దాదాపు వేడెక్కకూడదు. మీ సెట్ వెనకభాగమేమో నిమిషం మాట్లాడేసరికే చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. 60 శాతం సామర్థ్యం ఇచ్చుకున్నా 10 వాట్లకు 2.2 ఆంపియర్లు కావాలి. ఈ సెట్ అంత తీసుకోవడమే లేదు.

నిజానికి 5 వాట్ల సెట్‌లో లోపమేమీ లేదు. 10 నుంచి 5.4కు తగ్గితే నష్టం 2.7 డెసిబెల్స్, అవతలి సెట్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద అర గీత కూడా ఉండదు. దూరాన్ని నిర్ణయించేది వాట్ల కంటే యాంటెన్నా ఎత్తు. నిజం రాసినా ఈ సెట్ అమ్ముడుపోయేది. మీ 5 వాట్ల మోడల్ కంటే ఎక్కువ ధర తీసుకున్నది మాత్రం ఆ లేని 5 వాట్ల కోసమే.

ఇంకొకటి, పవర్ కంటే పెద్దది. అదే పేజీలో "లైసెన్స్ అక్కర్లేదు" అని రాశారు. మన దేశంలో వాకీటాకీలకు లైసెన్స్ మినహాయింపు 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో తక్కువ పవర్ సెట్లకే. 136 నుంచి 174 వరకు, 400 నుంచి 480 వరకు తిరిగే ఈ సెట్‌కు అది వర్తించదు. నాకు అమెచ్యూర్ (హామ్ రేడియో) లైసెన్స్ ఉంది. పెళ్లి పందిట్లోనో గోడౌన్‌లోనో వాడుకుందామని కొన్నవాళ్లకు ఉండదు, వాళ్లు పోలీసుల, ఇతర అత్యవసర సేవల చానెళ్ల మీదికి తెలియకుండానే వెళ్లిపోగలరు. పేజీలో ఈటీఏ (వైర్‌లెస్ పరికరానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) నంబరు కూడా లేదు.

రెండు సెట్ల పూర్తి ధర తిరిగి ఇవ్వండి. ప్రకటనలో ప్రతి బ్యాండ్‌కూ కొలిచిన పవర్, ఏ బ్యాటరీ వోల్టేజి దగ్గర కొలిచారో వేయండి. "లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట వెంటనే తీసేయండి. 10 వాట్లే నిజమంటే ల్యాబ్ రిపోర్టు పంపండి, అందులో సరఫరా కరెంటు కూడా ఉండాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(28) ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను. రీడింగుల ఫొటోలు, బిల్లు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు జతచేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు