వాడకానికి సిద్ధమని అమ్మిన పోత ఇనుము పెనంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మీ కంపెనీ తయారు చేసిన పోత ఇనుము పెనాన్ని మహబూబ్‌నగర్‌లోని పాత్రల దుకాణంలో కొన్నాను. బిల్లు నకలు, ఫొటోలు జతపరుస్తున్నాను. అట్టపెట్టె మీద ‘సీజనింగ్ చేసినది, కడిగి వెంటనే వాడుకోవచ్చు’ అని, అంటే నూనె రాసి కాచి వాడకానికి సిద్ధం చేసినదని, పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. అది నిజం కాదు.

సబ్బు, వేడినీళ్లతో కడిగి, తడి ఆరాక పొయ్యి మీద పెడితే మైనం కాలిన వాసన వచ్చింది. అది తగ్గాక జొన్న రొట్టె వేశాం. మా పాలమూరు ఇళ్లలో జొన్న రొట్టెకు నూనె చుక్క వేయం. చేత్తో తట్టిన రొట్టెను పొడి పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది తిరగేస్తాం. కాబట్టి పెనానికి ఏది ఉంటే అది రొట్టెకు అంటుకుంటుంది. తిరగేసి చూస్తే అడుగున నల్లటి పెచ్చులు. పెనం మీద గోటితో గీకితే ఇంకో పెచ్చు లేచి, కింద బూడిద రంగు ఇనుము బయటపడింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వాళ్ల కంచాల్లో పడాల్సిన రొట్టెలు చెత్తబుట్టలో పడ్డాయి.

సరిగ్గా చేసిన సీజనింగ్ ఇలా గోటికి రాదు. పలచగా రాసిన నూనె పొగ వచ్చేంత వేడికి గట్టిపడి ఇనుమును పట్టుకుంటుంది. పెచ్చులుగా లేచిందంటే నూనె దళసరిగా పూసి ఉండాలి, లేదా అది తుప్పు పట్టకుండా పూసిన మరేదో పదార్థం అయి ఉండాలి. ఏదో మీరే చెప్పాలి.

మీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే చింతపండు నీళ్లు మరిగించి పారబోయమన్నారు. పులుపు నూనె పొరను తినేస్తుంది కదా! పెనంతో వచ్చిన కాగితంలో మీరే పుల్లటి వంటలు వద్దన్నారు. ఏ మాట నమ్మాలి?

ఆ కాగితమూ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. ‘వండిన వెంటనే కడగండి’ అని రాశారు గానీ చల్లారనివ్వమని ఎక్కడా లేదు. కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. అలా పగిలితే వాడటం రాలేదని కొన్నవారినే తప్పు పడతారు.

పెనాన్ని వాడకానికి తేవడం మాకు తెలియని పని కాదు. బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి, తోమి, సన్నని సెగ మీద తడి ఆర్చి, వేరుశనగ నూనె రాసి, రాసినదంతా మళ్లీ తుడిచేసి, పొగ వచ్చేదాకా కాచి చల్లారుస్తాం. పెనం నల్లగా నిగనిగలాడేదాకా ఇదే పని. చివర్లో ఉల్లిపాయ ముక్కలు వేయించి పారేస్తాం. ఈ శ్రమ తప్పుతుందనే మామూలు పెనం కంటే ఎక్కువ ధర పెట్టి మీది కొన్నాం. ఇప్పుడు ఏమిటో తెలియని పూత మీద నూనె ఎలా రాయమంటారు?

పెనాన్ని వెనక్కి తీసుకుని నా డబ్బు తిరిగి ఇవ్వండి. ఆ పూత ఏమిటో, తిండికి అంటితే ప్రమాదమో కాదో రాతపూర్వకంగా తెలపండి. మా రాష్ట్రంలో అమ్మే ప్రతి పెట్టెలో తెలుగు సూచనలు పెట్టండి. లేని గుణం ఉన్నట్టు పెట్టె మీద రాయడం వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనే. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. పెనాన్ని ఆ పెచ్చులతో సహా అలాగే ఉంచాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
మహబూబ్‌నగర్