తేదీ చూసి కాదు, చెయ్యి చూసి మార్చండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడో రోజు పొద్దున్నే సిస్టర్ వచ్చి, ప్లాస్టర్ మీద రాసిన తేదీ చూసి క్యాన్యులా (సెలైన్, ఇంజెక్షన్లు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టే సన్న గొట్టం) తీసేసింది. నొప్పి లేదు, వాపు లేదు, సెలైన్ సాఫీగానే ఎక్కుతోంది. ఎందుకమ్మా అంటే "మూడు రోజులైందండీ, మార్చాల్సిందే" అంది. తీరా చూస్తే కొత్త నరం దొరకలేదు. ఎడమ చేతికి రెండుసార్లు, కుడి చేతికి ఒకసారి పొడిచారు, అమ్మ గోడవైపు తిరిగి పెదవి కొరుక్కుంటూ ఉండిపోయింది, చివరికి ఇంకో సీనియర్ సిస్టర్ వచ్చి పెట్టింది. వృథా అయిన క్యాన్యులాలు, ప్లాస్టర్లు, గ్లోవ్స్, ఇద్దరు సిస్టర్ల సమయం, ఇదంతా ఎవరి ఖాతాలో?

నరం వాస్తుందని, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతుందని ఈ రూల్ పెట్టారు. భయం న్యాయమైనదే. కానీ ఆస్ట్రేలియాలో మూడు ఆసుపత్రుల్లో 3,283 మంది మీద చేసిన పరిశోధన 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి మూడో రోజున మార్చారు, మిగతావాళ్లకి ఇబ్బంది వస్తేనే. నరం వాపు రెండువైపులా 7 శాతమే! తర్వాత ఖర్చులు లెక్కేస్తే, అవసరాన్ని బట్టి మార్చినచోట ఒక్కో రోగి మీద 7 ఆస్ట్రేలియా డాలర్లకు పైగా మిగిలింది. చిన్న మొత్తమే అనిపిస్తుంది గానీ క్యాన్యులా పెట్టించుకోని ఇన్‌పేషెంట్లు ఎంతమంది ఉంటారు?

అలాగని రూల్ ఎత్తేసి ఊరుకుంటే సరిపోదు. జెనీవాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో అలా ఎత్తేశాక రక్తంలో ఇన్‌ఫెక్షన్లు పెరిగాయని 2021లో బయటపెట్టారు, మళ్లీ పాత పద్ధతికి వెళ్లాక తగ్గాయట. అలాంటి ఇన్‌ఫెక్షన్ ఒక్కటి వచ్చిందంటే ఐసీయూ, యాంటీబయాటిక్స్, అదనపు రోజులు, మిగిల్చిన డబ్బంతా అక్కడే పోతుంది, ప్రాణం మీదికి రావడం వేరే సంగతి. అందుకే మార్చే పనిలో మిగిలిన సమయాన్ని చూసే పనిలో పెట్టాలంటున్నాను. ప్రతి షిఫ్టులో సిస్టర్ ఆ చోట వేలితో నొక్కి చూడాలి, నొప్పి, ఎరుపు, వాపు ఉన్నాయేమో రాయాలి, అసలు ఇంకా అవసరమా అని అడగాలి.

ఈ చివరి ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్తాను. అమ్మకి సెలైన్, ఇంజెక్షన్లు ఆపేసి మాత్రలు మొదలుపెట్టాక కూడా ఆ రెండో క్యాన్యులా రెండు రోజులు చేతికి అలాగే ఉంది. ఒక్కరూ పట్టించుకోలేదు, ఎందుకంటే దానికింకా మూడు రోజులు నిండలేదు.