డిస్కులు బిగిస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లకు ముందు చక్రాల డ్రమ్ము బ్రేకులు తీసి డిస్క్ బ్రేకులు వేసేవారు, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌ను మాత్రం పాతదే ఉంచేస్తున్నారు. ప్రమాదం అక్కడే ఉంది. డ్రమ్ముల కోసం చేసిన చాలా సిలిండర్లలో, పెడల్ వదిలాక కూడా లైనులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు ఉంటుంది. దానితో ప్యాడ్లు డిస్కును వదలవు. కాస్త దూరం వెళ్లేసరికి డిస్కు కాలిపోతుంది, బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. సిలిండర్ కాలిపర్ల (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాల) కంటే కింద ఉన్న బళ్లకైతే, ఆయిల్ వెనక్కి జారిపోకుండా 2 పీఎస్ఐ వాల్వు పెట్టాలి.

వెనక డ్రమ్ముల లైనులో, అక్కడికి వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టి, ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా సర్దుకోవాలి. వెనకవి మొదట లాకైతే బండి గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు చక్రాన్ని జాక్ మీద లేపి, పెడల్ తొక్కి వదిలి, చేత్తో తిప్పి చూడండి. పట్టేస్తుంటే బండి కదపొద్దు.

— ఒక పాఠకుడు