స్కైడైవింగ్ క్లబ్బు వార్తల్లో శిక్షణకు చోటు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా బరంపురం యువతీయువకులు కొందరు కలిసి ఏర్పాటు చేసుకున్న స్కైడైవింగ్ క్లబ్బు గురించి ఇటీవల మీ జిల్లా పేజీలో ఒక వార్త చదివాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా మాట్లాడుకునే ఈ సరిహద్దు జిల్లాలోని మామూలు కుటుంబాల పిల్లలు ఇటువంటి ఆటకు పూనుకోవడం, దాన్ని ఒక తెలుగు పత్రిక గుర్తించడం రెండూ సంతోషించదగినవే. అయితే ఆ వార్తలో మేఘాల మీద ఒక అమ్మాయి చేతులు చాపిన ఫొటో ఉంది, 13,000 అడుగుల ఎత్తు ప్రస్తావన ఉంది, ‘ప్రాణాలకు తెగించి’ అన్న శీర్షిక ఉంది. ఆ ఎత్తుకు వెళ్లేముందు వారు నేల మీద ఏం నేర్చుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వారు వీపున తగిలించుకున్న ప్యారాచూట్లను ఎవరు మడిచారో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటీ లేదు. వాయుసేనలో ప్యారాచూట్లను తనిఖీ చేసి మడిచే పనిలోనే ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి కనుక ఆ లోటు నాకు చిన్నదిగా కనిపించలేదు.

వార్త వచ్చిన మర్నాడు మా వీధిలో ఉండే ఒక తల్లి ఆ పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. డిగ్రీ చదువుతున్న కూతురు ఆ క్లబ్బులో చేరతానంటోందట. “అన్నయ్యగారూ, ప్రాణాలకు తెగించే పని అని పేపర్లోనే వేశారు. తెలిసి తెలిసి పిల్లను ఎలా పంపమంటారు?” అని అడిగారు. ఆమె భయంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆమె చేతికి అందిన సమాచారం అంతవరకే. ఈ ఆటలో ప్రమాదం లేదని నేనూ ఆమెతో అనలేదు. అమెరికా ప్యారాచూట్ సంఘం తన దేశంలో 2023లో 36 లక్షలకు పైగా జంప్‌లు జరిగాయనీ, వాటిలో 10 మంది మరణించారనీ ప్రకటించింది. ఆ పది మరణాలూ పది ఇళ్ల దుఃఖమే. కానీ అన్ని లక్షల జంప్‌లు చేసినవారు ప్రాణాలకు తెగించి దూకడం లేదు, నేర్చుకుని దూకుతున్నారు. తల్లిదండ్రులు తూచి చూసుకోవలసింది ఆ నేర్పు ఎంతటిదో, నేర్పేవారు ఎటువంటివారో అన్నది. అందుకు తగిన సమాచారం వారికి చేరవేయగలిగింది పత్రికే.

మొదట, వార్త రాసేటప్పుడు టాండెమ్ జంప్‌నూ, శిక్షణార్థి సొంతంగా చేసే జంప్‌నూ ఒకే గాటన కట్టకూడదు. టాండెమ్‌లో కొత్తగా వచ్చిన వ్యక్తిని హార్నెస్‌తో, అంటే ఒంటికి తొడిగే పట్టీలతో, శిక్షకుడికి బిగిస్తారు; ప్యారాచూట్ శిక్షకుడి వీపున ఉంటుంది, దాన్ని తెరిచేదీ దింపేదీ ఆయనే. సుమారు 5,000 అడుగుల దగ్గర ప్యారాచూట్ తెరుచుకునే లోపు ముప్పావు నిమిషానికి పైగా గంటకు 190 కిలోమీటర్ల వేగంతో కిందికి జారుతారు, ఆ తర్వాత ఐదారు నిమిషాలు గాలిలో తేలుతూ దిగుతారు. వచ్చిన వ్యక్తి చేయవలసిందల్లా చెప్పినట్టు నడుమును విల్లులా వెనక్కి వంచడం, దిగేటప్పుడు కాళ్లు ఎత్తి పట్టుకోవడం. ఇందులో ధైర్యం కంటే శిక్షకుడి అనుభవమే పెద్దది. అమెరికా సంఘం నిబంధనల ప్రకారం టాండెమ్ శిక్షకుడు కావాలంటే కనీసం మూడేళ్లు ఈ ఆటలో ఉండి, 500 జంప్‌లు పూర్తి చేసి ఉండాలి. మీ ఫొటోలో కనిపించినది టాండెమ్ జంప్. ఆ అమ్మాయి వెనుక ఉన్న శిక్షకుడి గురించి వార్తలో మాటైనా లేకపోవడం ఆయనకూ, పాఠకులకూ న్యాయం కాదు.

సొంతంగా దూకడం దీనికి పూర్తిగా భిన్నమైన దారి. ఆ పద్ధతిలో తొలి జంప్‌కు ముందే దాదాపు ఒక రోజంతా నేల మీద తరగతి ఉంటుంది. తర్వాత ఇద్దరు శిక్షకులు చెరోపక్క పట్టుకుని శిక్షార్థితో పాటు విమానం నుంచి బయటికి వస్తారు. అంచెలంచెలుగా ఒక శిక్షకుడు, ఆపై ఎవరూ పట్టుకోని దశ వస్తాయి. తొలి లైసెన్సుకు కనీసం 25 జంప్‌లు కావాలి. ఈ క్రమంలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం గాలిలో కాదు, దూలానికి వేలాడదీసిన హార్నెస్‌లో జరుగుతుంది. ప్యారాచూట్ తెరుచుకోగానే అది చదరంగా పూర్తిగా విచ్చుకుందా, నిలకడగా ఉందా, తాళ్లు లాగితే చెప్పిన వైపు తిరుగుతోందా అని చూడాలి. కేవలం తాళ్లు మెలిపడితే కాళ్లతో తన్ని మెలి విప్పుకోవచ్చు. నయం కాని లోపమైతే 2,500 అడుగులకు దిగేలోపు నిర్ణయం తీసుకుని, కుడివైపున ఉన్న ఎర్ర పిడిని లాగి చెడిన ప్యారాచూట్‌ను వదిలించుకోవాలి, వెంటనే ఎడమవైపున ఉన్న వెండి రంగు పిడిని లాగి రిజర్వ్ ప్యారాచూట్, అంటే ఆపద కోసం ఉంచిన రెండోదాన్ని, తెరవాలి. ప్యారాచూట్ అసలే లేకుండా పడుతున్న మనిషికి 2,500 అడుగుల ఎత్తు అంటే నేలకు 14 సెకన్ల దూరం. ఆ 14 సెకన్లలో ఆలోచించి చేయగలిగింది తక్కువ. చేతులు తమంతట తామే సరైన పిడి దగ్గరికి వెళ్లేంతగా నేల మీదే సాధన చేసి ఉండాలి. ఎర్ర పిడి లాగకుండా వెండి పిడి లాగితే, చెడిన ప్యారాచూట్‌తో రిజర్వ్ చుట్టుకుపోయే అవకాశం ఉంది. అందుకే ఆ వరసను వందల సార్లు చేయిస్తారు.

మా ఊరి క్లబ్బు శిక్షణార్థుల్లో తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ కలిసి ఉన్నారు, నేర్పేవారు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషు, హిందీలలో చెబుతున్నారు. లైసెన్సు పరీక్షకూ, విమానంలో ఇచ్చే ఆదేశాలకూ ఆ భాషలు అవసరమే. కానీ అత్యవసర సాధన మాత్రం ముందు పిల్లల సొంత భాషలో చెప్పి, కారణాలు వివరించి, వారి చేత తిరిగి చెప్పించి, ఆ తర్వాతే ఇంగ్లీషు ఆదేశాలకు అలవాటు చేయించాలని క్లబ్బు వారికి నా విన్నపం. ‘ఎందుకు’ అన్నది అర్థమైన శిక్షార్థి కంగారులో వరస తప్పడు. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువని క్లబ్బు పిల్లలు నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు, ఆ వరస మాత్రం వారికి తప్పకుండా రావాలి.

ఇక నా చేతులకు తెలిసిన పని గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి. స్కైడైవర్ వీపున ఉండే సంచిలో రెండు ప్యారాచూట్లు ఉంటాయి. మొదటిదాన్ని శిక్షణ పొందిన జంపరే మడుచుకుంటాడు. రిజర్వ్‌ను మాత్రం అర్హత పొందిన రిగ్గర్, అంటే ప్యారాచూట్లను తనిఖీ చేసి మడిచే నిపుణుడు, తప్ప మరొకరు ముట్టుకోకూడదు. అమెరికాలో దాన్ని వాడినా వాడకపోయినా 180 రోజులకొకసారి విప్పి, తనిఖీ చేసి, మళ్లీ మడవాలి. రిగ్గర్ దాన్ని పొడవాటి బల్ల మీద పరచి, మా ఊరి మగ్గాల దగ్గర పట్టుచీరను వెలుతురుకు పట్టి లోపం వెతికినంత ఓపికగా ఒక్కొక్క గడినీ చూస్తాడు. కుట్లు వదులయ్యాయా, తాళ్లు సమంగా ఉన్నాయా, ఎక్కడైనా మరక పడిందా అని పరిశీలిస్తాడు. మడత పూర్తయ్యాక వాడిన పనిముట్లన్నిటినీ లెక్కపెట్టుకుంటాడు, ఎందుకంటే లోపల మరిచిపోయిన చిన్న పరికరం ఒక్కటి చాలు ఒక మనిషి ప్రాణం తీయడానికి. అటు తర్వాత మూత పిన్నుకు దారం కట్టి, సీసం ముద్ర వేసి, కార్డు మీద తేదీ రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం పెట్టిన మనిషి ఎవరో తెలియకుండా ఆ సంచిని వీపున తగిలించుకోవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడికీ చెబుతాను. జంపర్ స్పృహ తప్పినా, ఎత్తు గమనించకపోయినా రిజర్వ్‌ను తనంతట తానే తెరిచే చిన్న పరికరం కూడా ఉంటుంది. 1991లో సైప్రెస్ అనే పరికరం వచ్చాక ఎందరో బతికి బయటపడ్డారు. నేలకు సుమారు 750 అడుగుల ఎత్తులోనూ మనిషి ఇంకా అతి వేగంగా పడుతూ ఉంటే అది పనిచేస్తుంది. అయితే అది చివరి ఆధారం మాత్రమే. దాన్ని నమ్ముకుని పిడి లాగడం ఆలస్యం చేసేవాడు శిక్షణ పూర్తి చేసినవాడు కాడు.

ప్యారాచూట్లకు వాడే నైలాన్‌కు ఎండ, తేమ, ఆమ్లాలు శత్రువులు. గోపాల్‌పూర్ తీరం మా ఊరికి ఎంత దగ్గరో మీ పాఠకులకు తెలుసు. ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ ఇళ్లలో ఇనుప తలుపులనే తినేస్తాయి. క్లబ్బు వారు సాధన కోసం తెచ్చుకున్న పాత ప్యారాచూట్లను ఒక సభ్యుడి మేడ మీది రేకుల గదిలో ఉంచారు. అక్కడినుంచి వెంటనే మార్చమని చెప్పాను, వారు మార్చారు కూడా. అవి సాధనకు మాత్రమే వాడేవని వాటి సంచుల మీద పెద్ద అక్షరాలతో రాయించడం ఇంకా మిగిలి ఉంది.

మీ వార్త చివర, మా ఊరి దగ్గరి రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ నుంచే త్వరలో జంప్‌లు మొదలవుతాయన్న ఆశ వ్యక్తమైంది. ఆ ఆశ నాకూ ఉంది, కానీ తొందర లేదు. మా తీరంలో పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి బలపడుతుంది. సొంతంగా దూకే శిక్షార్థులకు నేల మీద గాలి గంటకు దాదాపు 22 కిలోమీటర్లు దాటితే జంప్ ఆపాలని అమెరికా నిబంధన చెబుతోంది. అంటే ఇక్కడ చాలా రోజుల్లో ఉదయపు కొద్ది గంటలే పనికివస్తాయి. దిగే చోటుకు చుట్టూ 330 అడుగుల మేర అడ్డంకులు ఉండకూడదు; మా చుట్టుపక్కల చెరువులు, జీడితోటలు, మొగలి పొదలు, హైటెన్షన్ తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందుగా మ్యాపు మీద గుర్తించాలి. గోపాల్‌పూర్‌లో సైన్యపు ఎయిర్ డిఫెన్స్ కళాశాల ఉంది కనుక గగనతల అనుమతుల విషయంలో అధికారులతో సమన్వయం తప్పనిసరి. అక్టోబరు నెల తుపాన్లు, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, మాకు ఏం చేశాయో చెప్పనక్కరలేదు. శిక్షణ కాలం చలికాలానికే పరిమితం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో విడుదల చేసిన జాతీయ గగన క్రీడల విధానంలో స్కైడైవింగ్ కూడా ఉంది. నమోదు, భద్రత, పరికరాల విషయంలో క్లబ్బులు ఎలా నడుచుకోవాలో అది చెబుతుంది. క్లబ్బు వారు ఆ నమోదు సంగతి ముందు తేల్చుకోవాలి, విమానం సంగతి తర్వాత.

అంతవరకు పిల్లలు ఇక్కడ ఆదివారాలు నేల మీద సాధన చేసి, జంప్‌ల కోసం హరియాణాలోని నార్నౌల్ వంటి చోట్లకు వెళ్లడమే సరైన పద్ధతి. ఇక్కడి సాధన అక్కడి శిక్షకులు ఇచ్చే తరగతికి బదులు కాదనీ, దానికి సిద్ధం చేసేదేననీ క్లబ్బు స్పష్టంగా చెప్పాలి. విమానం లేనంత మాత్రాన క్లబ్బు చిన్నది కాదు. పడేటప్పుడు పాదాలు దగ్గర చేసి మోకాళ్లు వంచి పక్కకు దొర్లడం, చేసిన జంప్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్ నిజాయితీగా రాయడం, గాలి ఎక్కువగా ఉన్న రోజున ‘ఈ రోజు వద్దు’ అని చెప్పగలగడం, ఇవన్నీ నేల మీదే వచ్చే విద్యలు. మా పక్క శ్రీకాకుళం, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి సైన్యంలో చేరాలని పరుగులు సాధన చేసే కుర్రాళ్లకు కూడా ఇవి ఉపయోగపడతాయి. ఆడపిల్లల తల్లిదండ్రులు రేచల్ థామస్ పేరు వినాలి. రైల్వే ఉద్యోగినిగా ఉంటూ ఈ ఆటలో ముందుకు సాగిన ఆమెకు 2005లో పద్మశ్రీ వచ్చింది. పుణెకు చెందిన శీతల్ మహాజన్ 2011లో అదే పురస్కారం అందుకున్నారు. ఉత్తర, దక్షిణ ధ్రువాల మీద శీతల్ దూకిన సంగతి పత్రికలన్నీ రాశాయి. ఒక్కొక్క జంప్ వెనుక ఉండే సన్నాహాల గురించి చదివినవారు మాత్రం తక్కువ.

కాబట్టి మీకు నా అభ్యర్థన ఇది. ఈ క్లబ్బు గురించి మళ్లీ రాసినప్పుడు అది టాండెమ్ జంప్ అవునో కాదో, శిక్షకుడికి ఏ సంస్థ లైసెన్సు ఉందో, ఎన్ని జంప్‌ల అనుభవం ఉందో, రిజర్వ్ మడిచినది ఎవరో, ఎప్పుడో అడిగి వేయండి. ఆ వివరాలు చెప్పడానికి క్లబ్బు వెనుకాడితే ఆ సంగతీ వేయండి. రేపెప్పుడైనా ఎక్కడైనా ప్రమాదం జరిగితే ‘ప్యారాచూట్ తెరుచుకోక’ అని మొదటి రోజే తేల్చి రాయవద్దు. బాగా తెరుచుకున్న ప్యారాచూట్‌ను నేలకు దగ్గరలో వేగంగా తిప్పడం వల్ల జరిగే మరణాలు కూడా ఈ ఆటలో ఉన్నాయి, కారణం తేలేవరకు ఆగితే ఆ తప్పు నుంచి మరొక శిక్షార్థి నేర్చుకోగలుగుతాడు. వచ్చే ఆదివారం ఉదయం పిల్లలు హార్నెస్ సాధన చేస్తారు. మీ విలేఖరినీ ఫొటోగ్రాఫర్‌నూ పంపండి; ఆ తల్లినీ కూతురినీ కూడా రమ్మన్నాను, వస్తామన్నారు. ఎర్ర పిడి, వెండి పిడి వరసను ఒక శిక్షార్థి కళ్లకు గంతలు కట్టుకుని చేసి చూపిస్తాడు. ఫొటో దానిదే వేయండి.

ఇట్లు,
వాయుసేన విశ్రాంత ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా