సగటు చూసి సంబరపడకు రా

ఒరేయ్,

నువ్వు పంపిన పట్టిక నిన్న రాత్రే చూశాను. వెంటనే జవాబు రాద్దామని కూర్చుని, మళ్లీ ఆగి, తెల్లారేదాకా దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. నీ కొత్త శాట్ సాల్వర్ (నిజం, అబద్ధం అనే విలువలు తీసుకునే వేరియబుల్స్‌తో రాసిన షరతులన్నీ ఒకేసారి నెరవేరతాయో లేదో తేల్చే ప్రోగ్రామ్) పాతదానికంటే సగటున వేగంగా ఉందని, ఇక వ్యాసం రాసి పంపించేస్తానని అన్నావు. దాని మీద నువ్వు ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఇప్పుడే పంపకు. నీ ఆలోచన తప్పని కాదు. ఆ పట్టికను బట్టి అది మంచిదో కాదో నేనే కాదు, నువ్వు కూడా చెప్పలేవు.

కింద నుంచి మూడో వరుస ఒకసారి మళ్లీ చూడు. మిగతా అన్ని చోట్లా నీదే ముందుంది. ఆ ఒక్క సమస్య మీద మాత్రం పాత సాల్వర్ రెండు సెకన్లలో తేల్చేస్తే, నీది గంట గడువు దాటిపోయింది. నువ్వేమో దాన్ని "ఏదో తేడా కొట్టింది" అని పక్కన పెట్టేసి సగటు కట్టావు. నాకు మాత్రం మొత్తం పట్టికలో అసలు సంగతి ఆ వరుసలోనే ఉందనిపిస్తోంది.

ముందు ఒకటి చెప్పు, ప్రతి సమస్య మీదా ఎన్నిసార్లు నడిపావు? ఒక్కసారేనని నా అనుమానం. నీ సాల్వర్ రెండు వేరియబుల్స్ సమానంగా తూగినప్పుడు యాదృచ్ఛికంగా ఒకదాన్ని ఎంచుకుంటుంది కదా, అంటే సీడ్ (ఆ యాదృచ్ఛిక ఎంపికలకి మొదట ఇచ్చే అంకె) మారిస్తే దారి మారుతుంది, దారి మారితే సమయం మారుతుంది. ఎంత మారుతుందో కళ్లారా చూస్తే గానీ నమ్మలేం. లాటిన్ చదరాల మీద పని చేసినప్పుడు నేను చూశాను. కొన్ని గళ్లు ముందే నింపిన చదరం ఇస్తారు, ప్రతి వరుసలోనూ ప్రతి నిలువులోనూ ఏ అంకె రెండుసార్లు రాకుండా మిగతా గళ్లు నింపాలి. ఒకే చదరం, ఒకే ప్రోగ్రామ్, ఒకే మెషీన్, మారేది సీడ్ ఒక్కటే. చాలా రన్‌లు ఎంటర్ కొట్టి చెయ్యి తీసేలోపే అయిపోయాయి. కొన్ని మాత్రం రాత్రి మొదలుపెడితే పొద్దున నేను వచ్చేసరికి కూడా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సగటు ఒకచోట నిలబడుతుందేమోనని రన్‌లు పెంచుకుంటూ పోయాను. కాసేపు నిలకడగా ఉండేది, అంతలో ఒక్క పొడుగు రన్ వచ్చి దాన్ని ఎక్కడికో ఎగరేసేది.

ఇది నాకొక్కడికే ఎదురైంది కాదు. కార్లా గోమెజ్, బార్ట్ సెల్మన్ వాళ్లు 1990ల చివర్లో సరిగ్గా ఇలాంటి చదరాల మీదే దీన్ని గమనించి, ఈ సమయాల పంపిణీకి బరువైన తోక ఉందని, అంటే మరీ పొడుగు రన్‌లు అనుకున్నంత అరుదు కావని చూపించారు. లెక్క వేసి చూడు. వంద రన్‌లలో 99 ఒక్కో సెకనులో అయిపోయి, ఒక్కటి గంట తీసుకుందనుకో. సగటు దాదాపు 37 సెకన్లు వస్తుంది. కానీ ఆ వందలో 37 సెకన్లు పట్టిన రన్ ఒక్కటీ లేదు! పైగా ఆ గంట కూడా అసలు సమయం కాదు, నువ్వు ఆపేసిన సమయం. వదిలేస్తే ఎంతసేపు నడిచేదో ఎవరికీ తెలియదు. శాట్ పోటీల్లో 5000 సెకన్ల గడువు పెట్టి, తేల్చలేని సమస్యకి రెండింతలు, అంటే 10000 లెక్క కట్టి ర్యాంకులు ఇవ్వడం చూసే ఉంటావు. పోటీకి ఏదో ఒక నియమం ఉండాలి కాబట్టి అది సరే, కానీ గడువు మారిస్తే వరుస తారుమారు కావచ్చు. అందుకని నువ్వు సగటు ఇవ్వడం మానేసి, సమయాలన్నీ చిన్న నుంచి పెద్దకి పేర్చి, ఎంతసేపటికి ఎన్ని రన్‌లు తేలాయో గీత గియ్యి. రెండు సాల్వర్ల గీతలు ఒకే గ్రాఫ్‌లో పెట్టు. అవి ఒకదాన్నొకటి దాటుకుంటే ఎక్కడ దాటుకున్నాయో అదే నీ ఫలితం.

ఆ తోక ఎందుకొస్తోందని గోమెజ్, సెల్మన్ వాళ్లు అడిగారు చూడు, ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. మొదట్లోనే ఒకటో రెండో తప్పుడు ఎంపికలు జరిగితే సాల్వర్ పరిష్కారమే లేని పెద్ద కొమ్మలోకి దిగిపోతుంది, ఇక అక్కడ ఆకు ఆకూ వెతకాల్సిందే. అది తెలిశాక మందు దానంతటదే దొరికింది. కాసేపు చూసి ఆపేసి, కొత్త సీడ్‌తో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడమే. ఎప్పుడు ఆపాలనేదానికి లూబీ, సింక్లెయిర్, జుకర్‌మన్ 1993లోనే 1, 1, 2, 1, 1, 2, 4 అని సాగే వరుస ఇచ్చారు, సమయాల పంపిణీ గురించి ఏమీ తెలియకపోయినా అది అత్యుత్తమ పద్ధతికి మరీ దూరం పోదని నిరూపించారు కూడా. ఇవాళ్టి మంచి శాట్ సాల్వర్లన్నీ రీస్టార్ట్ చేస్తాయి. నీ కోడ్‌లో రీస్టార్ట్ ఆపేశానని ఎక్కడో రాశావు కదా, ఆ మూడో వరుసకి కారణం అదే అయ్యుండొచ్చు. అవునో కాదో సీడ్‌లు మార్చి వందసార్లు నడిపితే తెలిసిపోతుంది.

ఇక సమస్యల సంగతి. 500 వేరియబుల్స్, 1500 క్లాజ్‌లతో (క్లాజ్ అంటే ఒక షరతు) యాదృచ్ఛిక 3-శాట్ (ఒక్కో క్లాజ్‌లో మూడేసి వేరియబుల్స్ ఉండే రకం) మీద పరీక్షించానని రాశావు. అంటే వేరియబుల్‌కి మూడు క్లాజ్‌లు, నిష్పత్తి 3. అక్కడ క్లాజ్‌లు తక్కువ, పరిష్కారాలు కోకొల్లలు, చిన్నపాటి హ్యూరిస్టిక్ (ఏది ముందు ఎంచుకోవాలో చెప్పే ఉజ్జాయింపు సూత్రం) ఉన్న సాల్వర్ కూడా నింపుకుంటూ పోతుంది. కష్టమంతా దాదాపు 4.26 దగ్గర ఉంటుంది. అంతకంటే బాగా కిందికి వస్తే పరిష్కారం సులువుగా దొరుకుతుంది, బాగా పైకి పోతే వైరుధ్యం త్వరగా బయటపడుతుంది, నడుమ ఉన్నవే ప్రాణం తీస్తాయి. 1991లో చీజ్‌మన్, కనెఫ్‌స్కీ, టేలర్ రకరకాల సమస్యల్లో ఈ మలుపును చూపించారు, మరుసటి ఏడాది మిచెల్, సెల్మన్, లెవెక్ 3-శాట్‌కి కొలిచి చూపించారు. అంతకుముందు జరిగింది ఇంకా చెప్పుకోవాల్సిన కథ. 1979లో గోల్డ్‌బర్గ్ యాదృచ్ఛిక సమస్యల మీద శాట్ సగటున సులువేనని చూపిస్తే, 1983లో ఫ్రాంకో, పాల్ వచ్చి ఆ సమస్యలు ఎంత మెత్తనివంటే గుడ్డిగా విలువలు ఊహించినా తేలిపోతాయని తేల్చారు. సులువంతా అల్గారిథమ్‌లో లేదు, సమస్యలు తయారు చేసిన తీరులో ఉంది. నీ నిష్పత్తి 3 కూడా అలాంటిదే రా. 3.5 నుంచి 5 దాకా చిన్న చిన్న అడుగులతో పోతూ ప్రతి నిష్పత్తి దగ్గరా కొలువు. హార్డ్‌వేర్ తనిఖీ నుంచి వచ్చిన సమస్యలు కూడా కొన్ని కలుపు, ఎందుకంటే వాటిలో ఉండే నిర్మాణం యాదృచ్ఛిక వాటిలో ఉండదు, ఒకచోట గెలిచింది రెండోచోట చతికిలబడడం మామూలే.

పాత సాల్వర్‌ని డిఫాల్ట్ సెట్టింగ్‌లతో నడిపి, నీ దానికి మాత్రం నెలల తరబడి పారామీటర్లు సరిచూసుకున్నావు, అదీ పరీక్ష పెట్టిన సమస్యల మీదే. ఇది న్యాయం కాదు. సమస్యల్ని రెండు కుప్పలు చెయ్యి, ఒక కుప్ప మీద రెండు సాల్వర్లనీ సమానంగా ట్యూన్ చెయ్యి, రెండో కుప్ప ఫలితం మాత్రమే రాయి. జాన్ హుకర్ 1995లోనే దీని మీద గట్టిగా రాశాడు. ఎవరు ముందొచ్చారన్న పందెం వల్ల ఎందుకు ముందొచ్చారో తెలియదని, పైగా పరిశోధకుల సమయమంతా కోడ్‌కి పదును పెట్టడానికే పోతుందని అతని బాధ. నాకు ఆ మాట పూర్తిగా నిజమనిపిస్తుంది. నీ సాల్వర్‌లో కొత్తగా పెట్టినవి మూడు. ఒక్కొక్కటీ విడిగా తీసేసి నడిపి చూడు, వేగం దేనివల్ల వచ్చిందో అప్పుడు గానీ తెలియదు.

మెషీన్ గురించి కూడా అడగాలి. నాకు ఒకసారి ఏం జరిగిందంటే, ఒక సాల్వర్‌ని పగలు పదహారు ప్రాసెస్‌లు ఒకేసారి నడుస్తున్న మెషీన్‌లో నడిపాను, రెండోదాన్ని రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు. రెండోది బాగా వేగంగా కనిపించింది. వారం తర్వాత రెండూ తారుమారు చేసి నడిపితే ఆ తేడా ఎగిరిపోయింది, మెమరీ, కాష్ అందరూ పంచుకోవడం వల్ల వచ్చిన తేడా అది. 2009లో మిట్‌కోవిచ్ బృందం ఇంకా విచిత్రం చూపించింది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు సిస్టమ్ దానికి అందించే సెట్టింగ్‌లు) పరిమాణం మారినా ప్రోగ్రామ్ వేగం కొలత మారిపోతుందట. అందుకని సెకన్లతోపాటు కాన్‌ఫ్లిక్ట్‌ల (ఎంచుకున్న విలువలతో ఏదో ఒక క్లాజ్ తప్పి వెనక్కి రావాల్సి వచ్చిన సందర్భాల) లెక్క కూడా రాసుకో. అదొక్కటే ఇచ్చినా చాలదు, ఒక్కో కాన్‌ఫ్లిక్ట్‌కి నీ సాల్వర్ ఎక్కువ పని చేస్తూ ఉండొచ్చు.

జవాబులు సరైనవో కాదో తనిఖీ చేశావా? పరిష్కారం ఉందంటే క్లాజ్‌లలో పెట్టి చూస్తే సరిపోతుంది. పరిష్కారం లేదని చెప్పినప్పుడే చిక్కు. నా ప్రోగ్రామ్ ఒకటి కొన్ని సమస్యల్ని మెరుపులా "లేదు" అని తేల్చేస్తుంటే చాలా సంతోషించాను, తీరా చూస్తే ఫైల్ చదివేటప్పుడు మైనస్ గుర్తును మింగేస్తోంది, అంటే వేరే సమస్యకే జవాబు చెప్తోంది. అప్పటి నుంచి "లేదు" అన్నప్పుడల్లా నిరూపణ ఫైల్ రాయించి, వేరే ప్రోగ్రామ్‌తో సరిచూడకుండా ఒక్క అంకె కూడా పట్టికలో ఎక్కించలేదు. 2016లో హ్యూలే, కుల్‌మన్, మారెక్ పైథాగరస్ త్రికాల సమస్యని (a² + b² = c² అయ్యే మూడు అంకెలూ ఎక్కడా ఒకే రంగు కాకుండా అంకెలకి రెండు రంగులు వెయ్యగలమా అన్నది) శాట్‌తో తేల్చినప్పుడు నిరూపణ 200 టెరాబైట్లు వచ్చింది, అంతటిదాన్నీ వాళ్లు సరిచూశారు. నీవి అందులో రవ్వంత కూడా ఉండవు.

ఇదంతా చదివి నిరుత్సాహపడకు. నీ సాల్వర్ నిజంగానే బాగుండొచ్చని నాకు నమ్మకం ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను. ముందు ఆ మూడో వరుస సమస్య ఫైలు, దాని లాగ్, నీ కోడ్ ప్రస్తుత వెర్షన్ పంపు. సీడ్ రాసి పెట్టుకున్నావా? పెట్టుకుంటే అదీ పంపు, సరిగ్గా అదే రన్‌ని ఇక్కడ మళ్లీ నడిపి ఏ ఎంపిక దగ్గర దారి తప్పిందో చూస్తాను. నా దగ్గర ఈ వారాంతం ఒక మెషీన్ పూర్తిగా ఖాళీ, రీస్టార్ట్‌తో వంద, లేకుండా వంద, సోమవారానికల్లా రెండు గీతలూ నీకు పంపుతాను.

ఉంటాను రా.