నీలం పోర్టు సంగతి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. "పెన్ డ్రైవ్ ప్యాకెట్ మీద యూఎస్‌బీ 3 అని గొప్పగా ఉంది, తీరా గుచ్చితే నత్తనడక, షాపువాడు నాకు టోపీ పెట్టాడు" అని చిందులు తొక్కావు. ఆగరా బాబూ. మొన్న చెల్లి పెళ్లి వీడియోలప్పుడు నేనూ ఇలాగే ఎగిరి, ఆ వీడియో కుర్రాణ్ణి ఫోన్‌లో నానా మాటలూ అని, తర్వాత నాలిక్కరుచుకున్నాను. ఆ భాగోతం చెప్తా విను.

అతనిచ్చిన పెన్ డ్రైవ్‌లో 58 జీబీ ఉంది. మా పాత సీపీయూకి ముందువైపు చేతికందే పోర్టులో గుచ్చి కాపీ పెట్టాను. సెకనుకి 32 ఎంబీ. అంతే, గీత గీసినట్టు అక్కడే నిలబడింది. అరగంట పట్టింది. ఈలోగా అమ్మ మూడుసార్లు వచ్చి "తాళి కట్టేది వచ్చిందా?" అని అడిగి పోయింది. కాపీ అవడం వేరు, చూడ్డం వేరు అని ఆవిడకి ఎవరు చెప్పగలరు!

గుట్టంతా ఆ 32లోనే ఉందిరా. ఆ ముందు పోర్టు పాత యూఎస్‌బీ 2.0 రకం, 2000లో వచ్చింది. దాని వేగం సెకనుకి 480 మెగాబిట్లు. బిట్లు, బైట్లు కాదు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 60 ఎంబీ. అందులో కంప్యూటరూ పెన్ డ్రైవూ తమలో తాము మాట్లాడుకునే దానికి కొంత పోగా మన చేతికొచ్చేది 30, 40 మధ్య. నీది కూడా అక్కడే ఆగిపోతుంటే పెన్ డ్రైవ్‌ని తిట్టకు, ముందు పోర్టు చూడు.

తర్వాత బల్ల కిందకి దూరి, బూజు దులుపుకుని, వెనకున్న నీలం పోర్టులో పెట్టాను. అదే పెన్ డ్రైవ్, 130 ఎంబీ! ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది. నీలం అంటే 3.0, 2008 నాటిది, సెకనుకి 5 గిగాబిట్లు. నీ ల్యాప్‌టాప్‌లో నీలం కనపడకపోవచ్చు, కొందరు నల్లగానే వదిలేస్తారు. పక్కన ఎస్‌ఎస్ (సూపర్ స్పీడ్) అని చిన్న గుర్తుందేమో వెతుకు. ఇక పేర్ల గోల అడక్కు. ఆ 3.0నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, మళ్లీ 3.2 జెన్ 1 అన్నారు. సరుకు అదే, 5 గిగాబిట్లే. నీ ప్యాకెట్ మీద 3.2 చూసి మురిసిపోయావేమో, పాపం.

ఇంకో చిత్రం. 3.0 పెన్ డ్రైవ్ మూతిలోకి టార్చి వేసి చూడు. ముందు నాలుగు లోహపు రేకులు, బాగా లోపలికి ఇంకో అయిదు కనపడతాయి. ఆ నాలుగూ పాత 2.0వి. నువ్వు నీ అలవాటు కొద్దీ మెల్లగా, భయం భయంగా తోశావనుకో, ముందువే ముందు తగిలి కంప్యూటర్ దాన్ని 2.0 కింద జమకట్టేస్తుంది. తీసి, ఒక్క ఊపున గుచ్చు. (తిప్పి తిప్పి పెడితే గానీ దూరదని విసుక్కుంటాం కదా, యూఎస్‌బీ తయారీలో ముందున్న ఇంటెల్ ఇంజినీర్ అజయ్ భట్ మన బరోడాలో చదివినాయనే. రెండువైపులా పట్టేలా చేస్తే ఖర్చు పెరుగుతుందని అలా వదిలేశారట.)

ఇప్పుడు అసలు దెబ్బ. మేనమామకి ఒక కాపీ ఇద్దామని చవగ్గా దొరికిన కొత్త పెన్ డ్రైవ్ అదే నీలం పోర్టులో పెట్టాను. మొదట 90 చూపించింది. టీ గ్లాసు పట్టుకొచ్చేసరికి 14! గంట దాటింది. పోర్టుది తప్పేం లేదు. చాలా పెన్ డ్రైవుల్లో త్వరగా రాసుకునే చోటు కాస్తే ఉంటుంది, అది నిండాక తాపీగా రాస్తాయి. మా వైపు కాలవ ఎంత నిండుగా పారినా చేలోకి తూము పట్టినన్ని నీళ్లే కదా వచ్చేది, అలాగన్నమాట. ప్యాకెట్ మీద వేసేదేమో చదివే వేగం. రాసే వేగం వెయ్యడానికి చాలా కంపెనీలకి చెయ్యి రాదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఫొటోల ఫోల్డరైతే ఇంకా నీరసం. వేలకొద్దీ చిన్న ఫైళ్లు, ఒక్కోదానికీ తలుపు తీసి మూసినట్టు. అన్నీ ఒకే జిప్‌లో కట్టి పంపితే కాస్త నయం. జిప్ 4 జీబీ దాటి, చోటున్నా ఎక్కనంటే నీ డ్రైవ్ ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఉన్నట్టు (అది ఒక్క ఫైలు 4 జీబీ దాటనివ్వదు), ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతికి ఫార్మాట్ చెయ్యి. అలా చేస్తే లోపలున్నవి చెరిగిపోతాయి, ముందు తీసి పెట్టుకో, నీ సంగతి నాకు తెలుసు.

కాబట్టి షాపుకెళ్లే ముందు ఒక పెద్ద ఫైలు ఎక్కించి చూడు. మొదటి నుంచీ 30, 40 దగ్గరే ఉంటే పోర్టు మార్చు. జోరుగా మొదలై చతికిలబడితే డ్రైవే అంత, పోట్లాడినా లాభం లేదు.

వచ్చే ఆదివారం మామయ్య హైదరాబాద్ వస్తున్నాడు, పెళ్లి వీడియో ఆయనతో పంపిస్తున్నా. భోజనాల బంతిలో నువ్వు మూడో పూతరేకు జేబులో వేసుకోవడం స్పష్టంగా పడింది. మీ ఆవిడకి చూపించకముందే నువ్వొకసారి చూసుకో.

నీ
రాంబాబు